ఆటుపోట్లు ఆగితే మడ బతకదు

సంపాదకులకు నమస్కారం.

కోరంగి అభయారణ్యంలో చెక్క వంతెన మీద నడిచి మడ అడవిని చూసి మురిసిపోయేవారు, దాని వెలుపల తీరం వెంబడి ఏం జరుగుతోందో కూడా ఒకసారి చూడాలని నా కోరిక. గత నెల మా బంధువుల ఊరి దగ్గర ఒక పాయ ఒడ్డున నిలబడ్డాను. పాయకు అడ్డంగా మట్టిగట్టు, దాని వెనుక రొయ్యల చెరువు. గట్టుకు ఇవతల నల్లటి బురదలోంచి వేళ్లలా పైకి పొడుచుకొచ్చిన మడ ఊపిరి వేర్లు ఎండి, చేత్తో తాకితే విరిగిపోతున్నాయి. ఎవరూ గొడ్డలి ఎత్తలేదు. నీటిని ఆపారు, అంతే!

పండుగప్ప పిల్లలు, మండపీతలు, రొయ్య పిల్లలు పెరిగేది ఈ వేర్ల నీడలోనే. అవి పోతే ముందుగా పస్తులుండేది చిన్న నావ మీద బతికే మత్స్యకారుడే. 1996 నవంబరు తుపాను నాటి గాలిని, నీటిని చూసిన మా జిల్లావాసులకు ఈ చెట్ల విలువ వేరే చెప్పాలా?

కేంద్రం 2023లో మడ పెంపకానికి ‘మిష్టి’ పథకం తెచ్చింది, సంతోషం. కానీ మొక్కలు నాటి ఫొటోలు దిగితే చాలదు. గతంలో మన అటవీ శాఖ ఇక్కడే చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీటిని లోపలికి రప్పించి, పాడైన మడను తిరిగి పెంచింది. ఆ పని మళ్లీ మొదలుపెట్టాలి. అంతకంటే ముందు, పాయలకు అడ్డంగా అక్రమంగా వేసిన గట్లను ఈ వేసవిలోనే తొలగించాలని అధికారులను వేడుకుంటున్నాను.

— ఒక పాఠకురాలు, కాకినాడ