మెలటోనిన్ గురించి రాసేటప్పుడు కంటిని మర్చిపోకండి

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

మీ హెల్త్ పేజీలో నిద్రకి సంబంధించిన హార్మోన్ మెలటోనిన్ మాత్రల మీద వచ్చిన ఆర్టికల్ చదివాను, నిద్ర పట్టనివాళ్ళు వేసుకోవచ్చు భయమేం లేదు అన్నట్టు రాశారు, కానీ మొత్తం ఆర్టికల్లో కంటి ఊసే లేదు, అది చూసి ఉండబట్టలేక రాస్తున్నా.

ఈ హార్మోన్ మెదడులో పీనియల్ గ్రంథి నుంచే వస్తుందని అందరూ అనుకుంటారు. రెటీనా, అంటే కంటి లోపల వెనకవైపు ఉండే పొర కూడా సొంతంగా తయారు చేసుకుంటుందండి, వెలుగుని పట్టే కణాల్లోనే, అదీ రాత్రి పూట. పగలు అక్కడ ఇంకో రసాయనమైన డోపమైన్‌ది పైచేయి, చీకటి పడ్డాక మెలటోనిన్‌ది, ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుంది, కన్ను ఎండకీ చీకటికీ సర్దుకోవడంలో ఈ రెండిటి పాత్ర చాలా ఉంది. చిట్టెలుకల్లో చూస్తే రాత్రిళ్ళు మెలటోనిన్ వల్ల మసక వెలుతురులో చూపుకి పనికొచ్చే రాడ్ కణాలు ఇంకా సెన్సిటివ్ అవుతాయని తేలింది, అంటే మసక వెలుతురు కూడా పట్టేస్తాయన్నమాట. చీకట్లో ఉన్నంతసేపూ అది వరమే. మరి అదే టైంలో గట్టి లైటు పడితే? 1992లో వచ్చిన ఒక స్టడీలో మెలటోనిన్ ఇచ్చిన ఎలుకల్ని తీవ్రమైన వెలుతురులో ఉంచితే ఇవ్వనివాటికన్నా రెటీనా ఎక్కువ దెబ్బతింది.

మనుషులకీ అలాగే అవుతుందని నేను అనట్లేదు, ఇదే మెలటోనిన్ యాంటీఆక్సిడెంట్‌గా కణాల్ని కాపాడుతుందని చెప్పే స్టడీలూ ఉన్నాయి. కానీ పనిచేసేది ఒక్క నిద్ర మీదే కాదని జనానికి తెలియాలి కదా.

ఇంకోటి, రెటీనాలో మెలనాప్సిన్ అనే వెలుగుని పట్టే పదార్థం ఉన్న గాంగ్లియాన్ కణాలు (కంటి నుంచి మెదడుకి కబురు చేరవేసేవి) కొన్ని ఉంటాయి, అవి కూడా నేరుగా వెలుగుని పసిగడతాయని 2002లో కనిపెట్టారు, సుమారు 480 నానోమీటర్ల నీలి వెలుతురంటే వాటికి మరీ సెన్సిటివ్, అది తగిలితే ఇంకా పగలే అని మెదడుకి కబురు పంపి పీనియల్‌లో మెలటోనిన్ తగ్గించేస్తాయి. మరి మాత్ర వేసుకుని లైటు ఆపకుండా ఫోన్ చూస్తూ పడుకునేవాళ్ళ సంగతేంటి, ఒళ్ళు తయారు చేసుకునేది తగ్గిపోతుంది, మాత్రలోది మాత్రం ఒంట్లో తిరుగుతూనే ఉంటుంది. పైగా 0.3 మిల్లీగ్రాములకే రక్తంలో మామూలుగా రాత్రి ఉండే లెవెల్ వచ్చేస్తుంది, షాపుల్లో అమ్మేవి 3, 5, 10 మిల్లీగ్రాములవి! అమెరికాలో సప్లిమెంట్ కింద ఎవరైనా కొనుక్కోవచ్చు, బ్రిటన్‌లో అయితే డాక్టర్ చీటీ ఉండాల్సిందే. ఒకే మందుకి ఇంత తేడా ఎందుకో అడిగేవాళ్ళే లేరు.

డబ్బా మీద కనీసం వేసుకున్నాక లైట్లు ఆర్పేయండి, రెటీనా జబ్బు ఉంటే ముందు కంటి డాక్టర్ని అడగండి అని రెండు ముక్కలు రాయించాలి. మీరు ఒక కంటి డాక్టర్‌తో మాట్లాడి దీని మీద ఇంకో ఆర్టికల్ వేయండి సార్, దయచేసి.

ఇట్లు,
మీ పేపర్ రోజూ చదివే ఒక పాఠకుడు