తెల్లబడినంత మాత్రాన నానో నిర్మాణం కాదు

సంపాదకులకు,

లోహ లవణాన్నీ పెప్టైడ్‌నూ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) నీటిలో కలిపితే చాలు, నానో నిర్మాణాలు వాటంతటవే అల్లుకుంటాయని సైన్స్ పేజీల్లో తరచూ కనిపిస్తోంది. అది సగం నిజమే. ఆ మాట నమ్మి ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు దిగే విద్యార్థులకు మిగతా సగమూ అందాలి.

2003లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో రెచెస్, గజిత్ అనే పరిశోధకులు ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం రెండు కలిసిన డైపెప్టైడ్‌తో నానో గొట్టాలు చేసి, వాటినే అచ్చుగా వాడి వెండి తీగలు పోశారు. హెక్సాఫ్లోరో ఐసోప్రొపనాల్ అనే ద్రావణిలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున పెప్టైడ్ కరిగించాలి. అందులో 20 మైక్రోలీటర్లు 980 మైక్రోలీటర్ల నీటిలో వేస్తే గాఢత మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములకు దిగి గొట్టాలు పుడతాయి. మూల ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవ ఉంటే పెప్టైడ్ ముందే గుంపుకడుతుంది. ఆ ద్రావణి ఆవిరి కళ్లకు హానికరం, ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. తర్వాత సిల్వర్ నైట్రేట్‌ను గొట్టాల లోపల సిట్రేట్‌తో క్షయకరణం చేసి (అయాన్లను లోహంగా మార్చి), ప్రొటీనేజ్-కె ఎంజైముతో పెప్టైడ్ తొడుగు తొలగిస్తే సుమారు 20 నానోమీటర్ల మందం తీగలు మిగులుతాయి. నీటిలో క్లోరైడ్ ఉందా, సిల్వర్ క్లోరైడ్ విరిగిన పాలలా దిగిపోతుంది.

జింకు, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉన్న పెప్టైడ్‌ల జతలో చిక్కు వేరు. హిస్టిడిన్ పక్క గొలుసు పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ పట్టుకుని ఉండే పీహెచ్) దాదాపు 6. పీహెచ్ 5 కంటే తగ్గితే అది ప్రోటాన్ పట్టుకుని జింకును వదిలేస్తుంది. పీహెచ్ బాగా పెరిగితే జింక్ హైడ్రాక్సైడ్ దిగుతుంది. అలవాటుగా ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) పోస్తే వచ్చేది జింక్ ఫాస్ఫేట్ మడ్డి, దాన్నే ఎందరో విజయమనుకుంటారు. 20 మిల్లీమోలార్ హెపీస్ అనే బఫర్, పీహెచ్ 7.4 మేలు. బంగారంతో మాత్రం హెపీస్ వద్దు, అదే బంగారు అయాన్లను క్షయకరిస్తుంది.

కొన్న పెప్టైడ్ చాలావరకు ట్రైఫ్లోరోఅసిటేట్ లవణంగా వస్తుంది. ప్రతి ఆమ్ల అణువుకూ 114 చొప్పున అణుభారం పెరుగుతుంది కాబట్టి, అది లెక్కలో వేయకపోతే లోహం, పెప్టైడ్ నిష్పత్తే తప్పుతుంది. పీహెచ్ కూడా పడిపోతుంది. వెండితో పనిచేసేవారు దాన్ని హైడ్రోక్లోరైడ్‌గా కాక అసిటేట్‌గా మార్చుకోవాలి.

మైక్రోస్కోపులో నమూనా పెట్టే గ్రిడ్ అనే చిన్న జాలీ మీద చుక్క ఆరేటప్పుడు కూడా స్ఫటికాలు పెరుగుతాయి. అందుకే ఒక్క ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటో చాలదు. పెప్టైడ్ ఒక్కటే, లోహం ఒక్కటే ఉన్న పరీక్ష నాళికలు పక్కన పెట్టి చూడాలి. జింకు నిర్మాణానికి ఈడీటీఏ (లోహ అయాన్లను లాగేసుకునే రసాయనం) కలపాలి: జింకే ముడి అయితే ఆ నిర్మాణం విడిపోతుంది. ఇలాంటి ఫొటో అచ్చువేసే ముందు ఆ ఈడీటీఏ ఫలితాన్ని కూడా అడిగి ప్రచురించమని మనవి.

— పెప్టైడ్ రసాయన పరిశోధకులు, హైదరాబాద్