ఏసీ వదిలే వేడి ఎవరి నెత్తిన?

సంపాదకుడికి,

గత వారం మీ నగర పేజీలో ఏసీ వాడకంపై ఇచ్చిన చిట్కాల్లో, గది త్వరగా చల్లబడాలంటే 18 డిగ్రీలకి పెట్టమన్నారు. ఇది తప్పు. ఇన్వర్టర్ (అంటే కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే ఏర్పాటు) లేని ఏసీలో, గ్యాస్‌ను నొక్కే ఆ కంప్రెసర్ తిరిగితే పూర్తి వేగంతో తిరుగుతుంది, లేదంటే ఆగుతుంది. 24 పెట్టినా 18 పెట్టినా చల్లబడే వేగం ఒకటే. 18 దగ్గర అది ఆగదు, బిల్లు పెరుగుతుంది. ఆన్ చేయగానే 24 ఉండాలని 2020 జనవరి నుంచి కేంద్రం నిబంధన పెట్టింది ఇందుకే. పత్రికలో అచ్చేసే ముందు తెలిసినవాళ్లను ఒక్క మాట అడగకూడదా?

బయటికి పోయే వేడి గురించైతే ఒక్క ముక్కా లేదు. ఏసీ చలిని పుట్టించదు. గదిలోని వేడిని లోపలి కాయిల్‌లో గ్యాస్ పీల్చుకుంటుంది, కంప్రెసర్ ఆ గ్యాస్‌ను నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది, బయటి కాయిల్ ఆ వేడిని వీధిలోకి వదులుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి లాగే వేడి 5.3 కిలోవాట్లు, తీసుకునే కరెంటు సుమారు 1.5. ఆ కరెంటూ చివరికి వేడే. అంటే బయట పడేది 6.8 కిలోవాట్లు, మూడు గీజర్లకు పైమాటే. విశాఖ ఉక్కపోతలో ఇందులో తేమ వాటా కూడా ఉంటుంది: డ్రెయిన్ పైపులో లీటరు నీళ్లు కారాయంటే దాదాపు 0.68 యూనిట్ల వేడి బయటికి చేరినట్టు.

అపార్ట్‌మెంట్లలో మూడడుగుల డక్ట్‌లో (గోడల మధ్య వదిలే ఇరుకు సందులో) అన్ని అంతస్తుల ఔట్‌డోర్ యూనిట్లూ ఎదురెదురుగా బిగిస్తున్నారు. కిందిది ఊదిన వేడిగాలినే పైది పీలుస్తుంది. కంపెనీలు సామర్థ్యం చెప్పేది బయట 35 డిగ్రీలప్పటి లెక్క. డక్ట్‌లో 45 దాటితే గ్యాస్ ప్రెజర్ పెరుగుతుంది, కూలింగ్ పడిపోతుంది, చివరికి కంప్రెసర్ ట్రిప్ అయి ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి గ్యాస్ తగ్గిందని నింపిపోతాడు. లీకు లేనిదే గ్యాస్ తగ్గదు. ఎక్కువ నింపితే ప్రెజర్ ఇంకా పెరుగుతుంది. బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలికి బయటి కాయిల్ ఫిన్స్ (పల్చటి రేకులు) తుప్పు తిని రాలిపోయినా ఇదే జరుగుతుంది. నెలకోసారి మంచినీళ్లతో, తక్కువ ఒత్తిడితో కడగాలని అమ్మేవాళ్లు చెప్పరు.

ద్వారకానగర్‌లో షాపుల యూనిట్లు ఫుట్‌పాత్ మీదికే ఊదుతుంటే, ఏసీ కొనలేని మనిషి ఆ వేడిలో బస్సు కోసం నిలబడాలి. ఎవరికి చెప్పుకోవాలి? మురుగు కాలువ దగ్గర్నుంచి వీధి దీపం వరకు ఫిర్యాదు పెట్టందే ఈ ఊళ్లో ఏదీ కదలదు. ప్లాన్ మంజూరులో పార్కింగ్, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) టేపుతో కొలిచే టౌన్ ప్లానింగ్ అధికారులు ఔట్‌డోర్ యూనిట్ల చోటు కూడా చూపించమనాలి: వెనక అడుగు, ముందు నాలుగైదు అడుగులు ఖాళీ, పైకి తెరిచిన ఆకాశం. ఫుట్‌పాత్ మీదికి ఊదేవాటిని ఎనిమిది అడుగుల పైకి ఎత్తించాలి. ఈ వేసవిలోపే.

– ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం