ఎన్నికల నిధి జమా ఖర్చులు, ‘ఇతరములు’తో సహా

దాతలకు, కార్యకర్తలకు, మమ్మల్ని బజార్లో ఆపి అడిగినవాళ్లకు, అడక్కుండా పక్కకి వెళ్లి మాట్లాడుకున్నవాళ్లకు కూడా నమస్కారం.

మొన్న 2009 ఏప్రిల్ 23న జరిగిన శాసనసభ ఎన్నికల్లో మన నియోజకవర్గం లోక్‌సత్తా అభ్యర్థి కోసం వసూలు చేసిన చందాలు, పెట్టిన ఖర్చుల లెక్క ఇది. మే నెలాఖరుకల్లా ఇస్తామన్నాం. ఇప్పుడు ఆగస్టు నడుస్తోంది. జూన్‌లో ఆఫీసు గోడకి ఒక కాగితం అంటించిన మాట నిజమే. అందులో ‘ఇతరములు రూ. 4,100’ అని ఒక్క ముక్కలో తేల్చేసిన మాటా నిజమే. ఆ ముక్క ఊరంతా తిరిగి కొందరి నోట నలభై వేలయింది. జూన్‌లో ఎవరైనా ఆ పద్దు విడగొట్టి చెప్పమంటే మాలో కొందరం తలుపు చాటుకి వెళ్లాం. అది తప్పే. ఎందుకు వెళ్లామో కింద రాశాం.

ముందు జమలు. వీటి మీద ఎవరికీ పేచీ లేదు కాబట్టి త్వరగా చెప్పేస్తాం.

రసీదు పుస్తకాల ద్వారా రూ. 1,41,650. ఏడు పుస్తకాలు అచ్చు వేయించాం, 312 రసీదులు తెగాయి. మిగిలిన కాగితాలు పుస్తకాల్లోనే ఉన్నాయి, లెక్కపెట్టుకోవచ్చు.
చెక్కుల ద్వారా తొమ్మిది మంది నుంచి రూ. 51,000.
బస్టాండ్ దగ్గర, రైతుబజారులో పెట్టిన హుండీల్లో రూ. 11,384. అందులో చెల్లని నాణేలు తీసేశాం.
ఈలల అమ్మకం రూ. 3,720.
మొత్తం రూ. 2,07,754.

ఒక్కరి దగ్గర రూ. 20,000 దాటితే ఆ పేరు పార్టీ ఎన్నికల సంఘానికి పంపాలన్నది చట్టం. మన దగ్గర ఒక్కరు ఇచ్చిన పెద్ద మొత్తం పదిహేను వేలే. అయినా పది రూపాయలు ఇచ్చిన రిక్షా సోదరుడి పేరు దగ్గర్నుంచి అన్నీ రిజిస్టర్లో ఉన్నాయి. రసీదు వద్దన్నవాళ్లకీ బలవంతంగా చించి చేతిలో పెట్టాం. కొందరు విసుక్కున్నారు కూడా.

అమెరికా నుంచి మన ఊరి అబ్బాయి పంపిన పదివేలు వెనక్కి పంపాం. అతను అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. విదేశీ పౌరుడి సొమ్ము పార్టీలు ముట్టుకోకూడదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఎక్కడున్నా ఇవ్వొచ్చు. వాళ్ల నాన్నగారు మాతో ఇప్పటికీ మాట్లాడటం లేదు. అయ్యా, మీరు కోప్పడటంలో న్యాయం ఉంది, మేం చేసినదాంట్లోనూ ఉంది.

ఇక ఖర్చులు.

నామినేషన్ డిపాజిట్ రూ. 5,000. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే పోతుంది. పోయింది.

జెండాలు, ఫ్లెక్సీలు రూ. 21,300. మైకు ఆటోలు రెండు, 14 రోజులు, రోజుకి 650 చొప్పున రూ. 18,200. జీపు 16 రోజుల అద్దె 19,200, డీజిలు 22,560, కలిపి రూ. 41,760. ఆఫీసు అద్దె, కరెంటు, ఫోను రూ. 11,870. టీ, టిఫిన్లు రూ. 13,940. ఇది ఎక్కువన్నవాళ్లున్నారు. నిజానికి మధ్యాహ్నం భోజనాలు చాలా రోజులు మన ఇళ్ల ఆడవాళ్లే వండి పంపారు. వాటి ఖరీదు ఏ పద్దులోనూ లేదు. వాళ్లకి ఇక్కడ కృతజ్ఞత చెప్పడం తప్ప మేం చేయగలిగింది లేదు.

అచ్చు పని రూ. 58,500. కరపత్రాలు 40,000, రూ. 30,000. ఓటరు చీటీలు రూ. 28,500. చీటీలు ఎందుకు, ఓటర్లకి తెలియదా అన్నారు. నియోజకవర్గాల పునర్విభజన తరవాత ఇవే మొదటి ఎన్నికలు. నియోజకవర్గమే మారిపోయింది, బూత్‌లు అటూ ఇటూ అయ్యాయి. పెద్ద పార్టీల చీటీ వెనక ఇంకేదో ఉండేది. మన చీటీ వెనక ఖాళీ కాగితమే. కొందరు తిరగేసి చూసుకుని నవ్వారు.

ఈలలు 3,000, ఒక్కోటి రూపాయిన్నర, రూ. 4,500. మన గుర్తు ఈల కాబట్టి కొన్నాం. తీరా తెచ్చాక మాస్టారు (మన కోశాధికారి) ఒక ప్రశ్న వేశారు: ఊరికే పంచితే అది ఓటరుకి కానుక కాదా? మీటింగులో గంటన్నర చర్చ. రూపాయిన్నర ఈలకి ఓటేసేవాడెవడు అని కుర్రాళ్లు. రూపాయిన్నర అయినా అయిదువందలైనా పంచడం పంచడమే అని మాస్టారు. చివరికి రెండు రూపాయలకి అమ్మాలని తీర్మానం. 1,860 అమ్ముడయ్యాయి. గోనెసంచిలో ఎంచితే 1,012 ఉన్నాయి. మిగతా 128 పిల్లలు పట్టుకుపోయారు, వసూలు చేయలేం. ఈ పద్దులో నష్టం రూ. 780.

సభ ఖర్చు రూ. 46,250. ‘ఒక్క సభకి అంతా’ అన్న ప్రశ్న ఎక్కువమంది అడిగారు. అది ఒక్క సభ కాదు, ఒకటిన్నర. మొదట వేసిన రోజు సాయంత్రం గాలివాన వచ్చి షామియానా లేచిపోయింది, స్టేజీ మీద నీళ్లు. మళ్లీ ఆరు రోజులకి వేయాల్సి వచ్చింది. షామియానా, స్టేజీ, కుర్చీలు 31,500, మైకు, జనరేటరు 9,250, రెండోసారి కూలీలకి, రవాణాకి 5,500. ప్రచారం 21 సాయంత్రానికి ఆగిపోతుంది కాబట్టి ఇంకా వాయిదా వేసే వీల్లేదు. సభ మానేయాల్సిందని ఇప్పుడు అంటున్నవాళ్లలో ఇద్దరు ఆ రోజు స్టేజీ మీద కూర్చున్నారు.

బూత్ ఏజెంట్లకి రూ. 17,700. ‘డబ్బు, మందు పంచం అన్న పార్టీ ఏజెంట్లకి డబ్బులిచ్చిందేంటి’ అని టీకొట్టు దగ్గర వెటకారం. ఏజెంటు మాక్ పోల్‌కి ఆరింటికల్లా వెళ్లి, పెట్టెలు సీలయ్యేదాకా కదలకూడదు. కూలికి వెళ్లేవాడికి ఆ రోజు పని పోతుంది. మనకి 159 మంది కూర్చున్నారు. 41 మంది వద్దన్నారు. 118 మందికి మనిషికి 150 ఇచ్చాం, సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. ఓటుకి ఇచ్చిన డబ్బుకి ఎవడూ వేలిముద్ర వేయించుకోడు.

ఇక ‘ఇతరములు’.

ఓటర్ల జాబితా జిరాక్సులు 1,120. అఫిడవిట్ స్టాంపు కాగితాలు, నోటరీ 560. సభ ఫొటోలు 750. పుస్తకాలు, వోచర్లు, పెన్నులు 315. ఫ్లెక్సీ కడుతూ నిచ్చెన మీంచి పడ్డ కుర్రాడి కట్టు, మందులు 460. రబ్బరు స్టాంపు, సిరా 95. కరపత్రం మీద అచ్చు వేసినవాళ్ల, వేయించినవాళ్ల పేర్లు, చిరునామాలు ఉండాలి. మొదటి విడతలో వేయించినవాళ్ల పేరు పడలేదు. రెండు రాత్రులు కూర్చుని అన్నిటి మీదా స్టాంపు కొట్టాం. ఇవన్నీ కలిపితే 3,300. మిగిలింది 800.

ఆ 800 లంచం.

ఆ మాట రాయడానికి రెండు నెలలు పట్టింది. జరిగింది ఇది. ఏప్రిల్ రెండో వారంలో ఒక సాయంత్రం మన మైకు ఆటోని ఆపారు. అనుమతి పత్రం అసలు కాపీ రెండో ఆటోలో ఉండిపోయింది, దీన్లో జిరాక్సే ఉంది. బండిని ఒక ఆఫీసు ఆవరణలోకి తీసుకెళ్లి పెట్టారు. ఏ ఆఫీసో రాయడం లేదు. చెప్పినా రుజువు మా దగ్గర లేదు. అసలు కాపీ తీసుకుని మనవాళ్లు వెళ్లేసరికి ‘సార్ లేరు, రేపు రండి’ అన్నారు. మర్నాడు సంత. పది ఊళ్ల జనం వచ్చే రోజు. డ్రైవరుకి ఆ ఆటో మీద వాయిదాలున్నాయి. కూడా వెళ్లిన కుర్రాడికి పందొమ్మిదేళ్లు, మొదటిసారి ఓటు. అతని జేబులో మర్నాటి టిఫిన్లకి మాస్టారిచ్చిన డబ్బుంది. గేటు దగ్గర ఒకాయన ఎనిమిది వందలన్నాడు. ఇచ్చాడు. ఇరవై నిమిషాల్లో బండి బయటికొచ్చింది.

కుర్రాడు దాచలేదు. రాత్రి పదింటికి వచ్చి మాస్టారికి చెప్పి ఏడ్చాడు. అభ్యర్థికి మర్నాడు సంతలో తెలిసింది. ఆయన ఆ పూట ఉపన్యాసంలో లంచాల పేరా ఎత్తలేదు. జనం గమనించలేదు, మేం గమనించాం.

ఆ తరవాత కమిటీలో మూడు వాదనలు. జీపు డీజిల్లో కలిపేద్దాం, ఎవరికి తెలుస్తుంది అని ఒకటి. ఉన్నదున్నట్టు రాసి గోడకి అంటిద్దాం అని మాస్టారు. ఎన్నికలయ్యేదాకా ఆగుదాం, ఇప్పుడు రాస్తే అవతలివాళ్లు మైకులో చదువుతారు అని మిగతావాళ్లం. మూడోదే నెగ్గింది. ఎన్నికలయ్యాయి, మే 16న ఫలితాలూ వచ్చాయి. అప్పటికి చెప్పే ధైర్యం ఇంకా తగ్గింది. దాన్ని ‘ఇతరములు’లో దాచాం. జూన్‌లో అధికారులకిచ్చిన అభ్యర్థి ఖర్చుల లెక్కలో మాత్రం ఈ 800 ఏ పేరుతోనూ ఎక్కించలేదు. వోచరు లేనిది రాయనని మాస్టారు పట్టుబట్టారు.

ఏసీబీకి ఫోను చేయొచ్చు కదా అంటున్నారు. చేయొచ్చు. చేయాల్సింది డబ్బు ఇవ్వకముందు. ఆ రాత్రి ఆ కుర్రాడికి నంబరు కూడా తెలియదు, మేం చెప్పి ఉండలేదు. ఊరూరా తిరిగి లంచం ఇవ్వొద్దని చెప్పాం. ఇవ్వకపోతే బండి ఎలా విడిపించుకోవాలో మన కుర్రాళ్లకే నేర్పలేదు. తప్పు కుర్రాడిది కాదు, మాది. అతన్ని ఎవరూ ఏమీ అనొద్దని కోరుతున్నాం. పేరు అడిగినా చెప్పం.

ఆ 800 దాతల సొమ్ములో పడకూడదని మాలో ముగ్గురం వేసుకుని నిధికి తిరిగి జమ కట్టాం. అందుకే ఖర్చుల మొత్తం జూన్ కాగితంలో రూ. 2,43,120 ఉంటే, ఇప్పుడు రూ. 2,42,320. తిరిగి కట్టేస్తే లంచం ఇవ్వనట్టు అవుతుందా అని ఒకాయన అడిగారు. అవదు. దాతల డబ్బుతో ఇవ్వనట్టు అవుతుంది, అంతే.

సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు కూడా పెట్టాం: ఆ తేదీన ఆ నంబరు ఆటోని ఏ నిబంధన కింద ఆపారు, ఎప్పుడు వదిలారు అని. జవాబు వచ్చింది. అలాంటి వాహనాన్ని ఆపినట్టు రికార్డు లేదట. అప్పీలు చేస్తున్నాం. దాని ఖర్చు కన్వీనరు సొంతం.

ఈ 2,42,320 చూసి ‘ఇంత పోసి ఏం సాధించారు’ అంటున్నవాళ్లకి ఒక మాట. ఈ 2009 ఎన్నికల్లో శాసనసభ అభ్యర్థికి ఖర్చు పరిమితి పది లక్షలు. మనది అందులో పావు వంతు కూడా కాలేదు. మిగతావాళ్లు ఆ పరిమితిలో ఎలా ఇమిడారో మీరూ చూశారు. 1996లో ఉద్యమంగా మొదలైన లోక్‌సత్తా 2006 అక్టోబర్ 2న పార్టీ అయినప్పుడు, ఉద్యమంగానే ఉండాల్సిందని మాలోనే సగం మంది అన్నాం. ఈ ఏడాది కొత్త పార్టీ అంటే జనానికి ముందు గుర్తొచ్చింది చిరంజీవి గారి ప్రజారాజ్యమే. వాళ్లకి 18 సీట్లు వచ్చాయి. మనకి 294లో ఒక్కటి, కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ గారు. ఒక్కటా అని నవ్వేవాళ్లు నవ్వండి. ఆ రోజు ఆఫీసులో టీవీ ముందు మేం ఈలలు వేశాం, సంచిలోంచి తీసి. పైన చెప్పిన 128లో అవీ ఉండొచ్చు.

ఇప్పుడు లోటు సంగతి. వచ్చింది 2,07,754. కమిటీ సభ్యులం పదకొండు మందిమి చేబదులుగా వేసింది 24,000. అది తిరిగి వస్తుందన్న ఆశ పెద్దగా లేదు. ఇంకా 10,566 బాకీ ఉంది, మొత్తం షామియానా ఆయనకే. గాలివానకి ఆయన గుడ్డ కూడా చిరిగింది, దానికి ఒక్క పైసా అడగలేదు. బాకీ సంగతీ అడగలేదు. బజార్లో కనపడితే మేమే పక్క సందులోకి వెళ్తున్నాం.

హామీ ఇచ్చి ఇవ్వని చందాలు 24 మందివి, రూ. 63,500. పేర్లు వేయమని కొందరు పట్టుబట్టారు, వేయడం లేదు. సభలో నలుగురి ముందు చప్పట్ల మధ్య పాతికవేలు ప్రకటించినవారు ఈమధ్య ‘గెలిచి ఉంటే ఇచ్చేవాణ్ణి’ అన్నారని తెలిసింది. గెలిస్తే ఇచ్చేవాళ్లు అన్ని పార్టీలకీ ఉంటారు, అయ్యా. పెళ్లి ఖర్చులు, పంట నష్టం, ఇంట్లో జబ్బు ఉన్నవాళ్లని మేం అడగం. మిగతావాళ్లు సగం ఇచ్చినా షామియానా బాకీ తీరుతుంది, సభ్యుల చేబదులూ కొంత తీరుతుంది.

వోచర్లు, రసీదు పుస్తకాలు, ఏజెంట్ల సంతకాల జాబితా, సమాచార హక్కు జవాబు కాపీ మాస్టారింట్లో ఉన్నాయి. ఆదివారాలు పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా ఎవరైనా వచ్చి చూడొచ్చు, పార్టీవాళ్లే కానక్కర్లేదు. మధ్యాహ్నం ఆయన నిద్రపోతారు, లేపొద్దు. ఈలల సంచి కూడా అక్కడే ఉంది. కావాలంటే ఒకటి రెండు రూపాయలే, రసీదు ఇస్తారు.

— ఎన్నికల నిధి కమిటీ తరఫున కన్వీనరు