ఆరుబయట కూడికలపై ఆంక్షలకు కారణం కూడా చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

కొవిడ్ రోజుల్లో ఆరుబయట నలుగురు కలిసే విషయమై వెలువడిన ఉత్తర్వులు సామాన్యులకు ఎందుకు అంతుపట్టలేదో ఇప్పటికైనా ప్రభుత్వం పరిశీలించాలి. తమిళనాడులో సినిమా హాళ్ళు సగం సీట్లతో 2020 నవంబరు 10న తెరుచుకోగా, మెరీనా తీరానికి జనాన్ని అనుమతించింది డిసెంబరు 14న. అంటే నెలకు పైగా, తలుపులు మూసిన ఏసీ హాలులో రెండున్నర గంటలు కూర్చోవచ్చు గానీ సముద్రపు గాలి తగిలే ఇసుకలో కూర్చోకూడదు. సెలవు రోజున మెరీనాను చూసినవారెవరూ అధికారుల భయాన్ని తప్పుపట్టలేరు. అయితే భయం రద్దీ గురించా, తీరం గురించా అన్నది జనానికి ఎవరూ విడమరచి చెప్పలేదు.

మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు వెలువడే సన్నని తుంపరలు గాలి ఆడని గదిలో చాలాసేపు నిలిచి పోగుపడతాయి, ఆరుబయట త్వరగా చెదిరిపోతాయి. బయట ప్రమాదం బొత్తిగా లేదని కాదు. మాస్కు లేకుండా ఒకరినొకరు ఆనుకుని గంటల తరబడి ఉంటే అక్కడా జబ్బు అంటుకుంటుంది. కేంద్ర హోంశాఖ 2020 సెప్టెంబరు 30 నాటి మార్గదర్శకాల్లో మూసి ఉన్న హాళ్ళకు సగం సామర్థ్యం, గరిష్ఠంగా 200 మంది అని, బహిరంగ స్థలాలకు మైదానం విస్తీర్ణాన్ని బట్టి అని వేర్వేరుగా చెప్పింది. మంచి ఆలోచనే, కానీ జనం నోట మిగిలింది 200 అన్న అంకె ఒక్కటే.

మా అపార్టుమెంటులో గుమిగూడకూడదంటూ మేడ మీదికి తాళం వేశారు. అంతవరకు సాయంత్రం పూట అక్కడ ఎడమెడంగా కుర్చీలు వేసుకుని కూర్చునే పెద్దవాళ్ళు, ఆ తరువాత కింద ఒకరి ముందుగదిలో, దోమలు వస్తాయని కిటికీలు మూసుకుని కూర్చోసాగారు. నిబంధనను ఎవరూ మీరలేదు, ప్రమాదం మాత్రం పెరిగింది. ఆ తాళం వేసినవారిదీ మంచి ఉద్దేశమే; గాలి సంగతి వారికెవరూ చెప్పలేదు.

ఇకముందు ఇటువంటి ఉత్తర్వు వస్తే ఎంతమంది అన్నదానితో పాటు ఎక్కడ, ఎంతసేపు, ఎంత ఎడంగా, ఎందుకు అన్నవి అందులోనే రాయాలి. తెలుగువారు ఎక్కువగా ఉండే వీధుల్లో తమిళంతో పాటు తెలుగులోనూ ఆ నోటీసును అతికించాలి. తీరాన్నీ పార్కులనూ మూసే ముందు, వేళలు పొడిగించి రద్దీని పలచబరచే వీలుందేమో చూడాలి. మీ పత్రిక కూడా అటువంటి ఉత్తర్వులను అచ్చువేసినప్పుడు, పక్కనే వైద్యుల చేత కారణాన్ని నాలుగు వాక్యాల్లో రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై