సినిమా పేరొక్కటే చెబితే సరిపోదు

సంపాదకుడు గారికి,

ఆదివారం అనుబంధంలో ఓటీటీ సినిమాల జాబితా చదివి మా హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లో విదేశీ సినిమాలు చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఇరానీ, కొరియన్, జపనీస్ సినిమాల ముచ్చట చాయ్ హోటళ్ల దాకా వచ్చింది. మాకు అది సంతోషమే. కానీ జాబితాలో వచ్చేది తెలుగులో రాసిన ఒక పేరు, పక్కన 'కొరియన్ థ్రిల్లర్' అనో 'స్పానిష్ డ్రామా' అనో రెండు ముక్కలు. జనం ఒకరికొకరు చెప్పుకునే తీరూ అంతే: "అన్నా, మస్తుంటది, చూడు." ఆ మాట మీద కూర్చున్నవాళ్లు వేరే సినిమా పెట్టుకుంటారు, లేకుంటే పావుగంటకే కట్టేస్తారు, లేకుంటే పిల్లల ముందు రిమోట్ కోసం వెతుక్కుంటారు. ఆ తర్వాత ఎంత మంచి సినిమా పేరు చెప్పినా వినరు. కొంచెం వివరం కలిపితే ఈ నష్టం తప్పుతుందని ఈ ఉత్తరం.

అన్నిటికన్నా ముందు సంవత్సరం వేయాలి. 'ఓల్డ్‌బాయ్' అని చెబితే 2003లో పార్క్ చాన్ వుక్ తీసిన కొరియన్ సినిమానా, 2013లో స్పైక్ లీ తీసిన అమెరికన్ సినిమానా? 'రింగ్' జపాన్‌లో 1998లో వచ్చింది, అమెరికాలో 2002లో మళ్లీ తీశారు. 'ఫన్నీ గేమ్స్' ఇంకా తిరకాసు. మైకేల్ హనెకె 1997లో జర్మన్ భాషలో తీసి, అదే సినిమాను 2007లో దాదాపు షాటుకు షాటు ఇంగ్లిష్‌లో తానే తీశాడు. దర్శకుడి పేరు చెప్పినా తేడా తేలదు, సంవత్సరం చెబితేనే తేలుతుంది. ఒకే సినిమాకు రెండు ఇంగ్లిష్ పేర్లుండటం కూడా మామూలే. విట్టోరియో డి సికా 1948 నాటి ఇటాలియన్ సినిమా కొన్నిచోట్ల 'బైసికిల్ థీవ్స్', అమెరికాలో 'ది బైసికిల్ థీఫ్'. ఒక పేరుతో వెతికి దొరకలేదని వదిలేసేవాళ్లున్నారు. అసలు భాషలోని పేరు కూడా ఇస్తే ఈ తిప్పలుండవు.

పేర్ల సంగతిలో మరో చిన్న మాట. కొరియన్ పేర్లలో మనలాగే ఇంటిపేరు ముందొస్తుంది. బోంగ్ జూన్ హోలో 'బోంగ్' ఇంటిపేరు. పేరు కుదించి 'హో కొత్త సినిమా' అని శీర్షిక పెడితే ఆ దర్శకుణ్ని ఎవరూ గుర్తుపట్టరు. 'బోంగ్' అని రాయండి.

ఇక ఎవరికి ఏది చెప్పాలన్నది. ఇక్కడే ఎక్కువ సినిమాలు చెడిపోతున్నాయి. 'ప్రపంచంలో గొప్ప సినిమాలు' జాబితా తెరిచి మొదటి పేరు చెప్పడం చాలామందికి అలవాటు. బ్రిటన్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' పదేళ్లకోసారి విమర్శకులను అడిగి జాబితా వేస్తుంది. 2022 జాబితాలో మొదటి స్థానం శాంతల్ అకెర్‌మన్ 1975లో తీసిన 'జాన్ డీల్‌మన్'ది. 201 నిమిషాల సినిమా. ఒక ఇల్లాలు ఆలుగడ్డలు ఒలవడం, గిన్నెలు కడగడం కెమెరా కదలకుండా నిలబడి చూపిస్తుంది. అది గొప్ప సినిమా, అందులో మాకు అనుమానం లేదు. కానీ అప్పటిదాకా సబ్‌టైటిల్ చదవని మనిషికి మొదటి సినిమాగా అది చెబితే, ఆ మనిషి మళ్లీ మన దిక్కు రాడు.

కొత్తవాళ్లకు గంటన్నర సినిమా, మాటలు తక్కువున్నది, కథ ఒక వస్తువు చుట్టూ తిరిగేది చెప్పాలి. మాజిద్ మాజిది 1997 పర్షియన్ సినిమా 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' అందుకు సరిగ్గా సరిపోతుంది. చెల్లెలి బూట్లు పోగొట్టిన అన్న, ఒకే జతను ఇద్దరూ మార్చుకుంటూ బడికి పోవడం. సబ్‌టైటిల్ ఒకటి రెండు తప్పిపోయినా కథ చేజారదు. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు కలిసి చూడొచ్చు. అది నచ్చినవాళ్లకు 'బైసికిల్ థీవ్స్' చెప్పండి. అక్కడ బూట్లు, ఇక్కడ ఉద్యోగానికి ఆధారమైన సైకిల్. 'ఇది కూడా విదేశీ సినిమానే' అని చెప్పి లాభం లేదు. మొదటి సినిమాలో వాళ్లకు నచ్చింది రెండో దాంట్లో ఎక్కడుందో చెప్పాలి.

ఫైట్లు, ఊరి కోసం నిలబడే హీరోలు ఇష్టపడేవాళ్లకు అకిరా కురోసావా 'సెవెన్ సమురాయ్' (1954) చెప్పొచ్చు, కానీ నిడివి ముందే చెప్పాలి: 207 నిమిషాలు. సినిమాలోనే ఇంటర్వెల్ కార్డు ఉంది, అక్కడ ఆపి మరుసటి రోజు చూసినా ఏమీ పోదు. దీనికి కుదించిన కాపీలూ తిరుగుతున్నాయి, కాబట్టి నిడివి చూసుకున్నాకే మొదలుపెట్టాలి. పోలీసు విచారణ కథలంటే చెవి కోసుకునేవాళ్లకు బోంగ్ 2003 సినిమా 'మెమొరీస్ ఆఫ్ మర్డర్' ఉంది. నిజంగా జరిగిన హత్యల ఆధారంగా తీసింది, చిన్నపిల్లల ముందు పెట్టేది కాదు. ఆ ముక్క చెప్పకుండా సినిమా పేరు చెప్పడం తప్పే. ఓటీటీలో ప్రతి సినిమా మొదట్లో యూఏ 7+, 13+, 16+, ఏ అని గుర్తు, పక్కన హింస, భాష అంటూ ఒక ముక్క కనిపిస్తాయి. పేరుతో పాటు ఆ గుర్తు కూడా చెబితే సరిపోతుంది.

ఏ భాషలో చూడాలన్నది ఎవరూ చెప్పరు. తెలుగు డబ్బింగ్ ఉంటే కొన్ని యాప్‌లు దాన్నే ముందు వినిపిస్తాయి, లేదా ఇంగ్లిష్ డబ్బింగ్ పెడతాయి. ఆడియో మెనూలోకి వెళ్లి అసలు భాష ఎంచుకోవాలి. సబ్‌టైటిల్స్‌లో రెండు రకాల ఇంగ్లిష్ కనిపిస్తే 'సీసీ' లేదా 'ఎస్‌డీహెచ్' అని ఉన్నది వినికిడి లోపమున్నవాళ్ల కోసం చేసింది. 'తలుపు చప్పుడు', 'సంగీతం' లాంటివి అందులో వస్తాయి. కొన్నిచోట్ల అది ఇంగ్లిష్ డబ్బింగ్ మాటలకు రాసినదై ఉంటుంది, అప్పుడు నటుడు రెండు మాటలంటే కింద ఐదు మాటలు కనిపిస్తాయి. అట్లా కనిపిస్తే రెండో ఇంగ్లిష్‌కు మారాలి. డబ్బింగ్ చూసేవాళ్లను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. చదవడం కష్టమైన పెద్దవాళ్లకు డబ్బింగే దారి. కానీ నటన చూడాలంటే గొంతు ఆ నటుడిదే అయి ఉండాలని మా గట్టి అభిప్రాయం.

తెలుగు సబ్‌టైటిల్స్ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే కాలేజీ పిల్లలు కొందరు వీటిని సొంతంగా తయారు చేయడానికి ఉత్సాహపడి మధ్యలో వదిలేస్తున్నారు. మొదటి దెబ్బ డీటీపీ దగ్గర తగులుతుంది. అను ఫాంట్లలో (పాత తరహా డీటీపీ ఫాంట్లు) టైపు చేయించిన ఫైలు పేజీమేకర్‌లో చక్కగా కనిపిస్తుంది, సినిమా కింద పెడితే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన గజిబిజి వస్తుంది. యూనికోడ్‌లోనే (ఫోన్లలో, వెబ్‌సైట్లలో తెలుగు కనిపించే పద్ధతి) టైపు చేయాలి, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. అది మరిస్తే తెర మీద వరుసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. ఫైలు పేరు, సినిమా ఫైలు పేరు ఒకటే ఉండి, చివర ఎస్‌ఆర్‌టీ అని ఉంటే ప్లేయర్ దానంతట అదే తీసుకుంటుంది. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ సెట్టింగ్స్‌లో సబ్‌టైటిల్ ఫాంటును నిర్మలా యూఐ గానీ గౌతమి గానీ పెట్టుకోవాలి, లేకుంటే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు రావచ్చు. తెలుగుకు వత్తులు కిందికి దిగుతాయి, పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. కాబట్టి రెండు వరుసలు దాటొద్దు, వరుసకు నాలుగైదు మాటలు చాలు. ఒక్కో ముక్క కనీసం ఒక సెకను, గరిష్ఠంగా ఏడు సెకన్లు నిలవాలి.

అక్షరాలు మాటతో కలవకపోతే ముందు ఏ రకం తేడానో చూడాలి. సినిమా పొడుగునా ఒకే తేడా ఉంటే తేలిక. వీఎల్‌సీలో అక్షరాలు వెనకబడితే 'జి', ముందుకు పోతే 'హెచ్' నొక్కాలి. నొక్కినప్పుడల్లా సెకనులో ఇరవయ్యో వంతు జరుగుతాయి. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను తేడా పెరుగుతుంటే అది ఫ్రేముల, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు కదులుతాయనే లెక్క. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. యూరప్ టీవీ, డీవీడీ కాపీలు సాధారణంగా 25తో నడుస్తాయి. 25కు చేసిన సబ్‌టైటిల్‌ను 24 కాపీకి పెడితే, రెండు గంటల సినిమా చివరికి వచ్చేసరికి అక్షరాలు 4 నిమిషాల 48 సెకన్లు ముందు పరుగెడతాయి. ఎన్నిసార్లు 'హెచ్' నొక్కినా కుదరదు. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చాలి, లేదా మొదటి మాట, చివరి మాట చూపించి మధ్యలోవి దాన్నే సర్దమనాలి. ఒకచోట హఠాత్తుగా తేడా వచ్చిందంటే మాత్రం కత్తిరింపులు వేరైన కాపీ అన్నమాట. దాన్ని సర్దుతూ కూర్చోవద్దు, అదే నిడివి ఉన్న ఫైలు వెతకాలి.

తెలుగులో రాసేవాళ్లకు ఒక అనుకూలం ఉంది. కొరియన్, జపనీస్, పర్షియన్ భాషల్లో మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. నటుడు ఆగి ఆగి చివర 'చంపాను' అన్నప్పుడు తెలుగు సబ్‌టైటిల్ కూడా ఆ మాటను చివరికే ఉంచగలదు. ఇంగ్లిష్‌లో అది ముందే బయటపడుతుంది. అయితే ఇంగ్లిష్ సబ్‌టైటిల్ నుంచి తెలుగు చేసేటప్పుడు 'నువ్వు', 'మీరు' తేడా మనమే తేల్చాలి. ఒకసారి సినిమా మొత్తం చూసి ఎవరు ఎవరికి ఏమవుతారో కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెట్టాలి.

టీవీలో రెండు సెట్టింగులు సరిచేయాలి. పాత సినిమాల బొమ్మ దాదాపు చతురస్రంగా ఉంటుంది, రెండు పక్కల నల్లపట్టీలు వస్తాయి. వాటిని పోగొట్టడానికి తెర నింపితే ముఖాలు ఉబ్బిపోతాయి. పిక్చర్ సైజు 'ఒరిజినల్' పెట్టాలి. రెండోది, కదలికను నునుపు చేసే సెట్టింగ్. సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అంటారు. అది ఉంటే ఎంత మంచి సినిమా అయినా టీవీ సీరియల్‌లా కనిపిస్తుంది, తీసేయాలి.

నలుగురు కలిసి చూడాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఓటీటీ ఖాతా ఇంటి వరకే. టికెట్ లేకపోయినా బయట ప్రదర్శనకు హక్కుదారుల అనుమతి కావాలి. సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా 1959లో ఏర్పడిన ఫిల్మ్ సొసైటీల (మంచి సినిమాలు కలిసి చూసే సంఘాల) సమాఖ్య ఇప్పటికీ ఉంది. పక్కన కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ దశాబ్దాల కిందటే ప్రపంచ సినిమాలు చూపించింది. ఫ్రెంచ్, జర్మన్ సినిమాలకు హైదరాబాద్‌లోని అలయన్స్ ఫ్రాన్సేజ్‌ను, గోథె సెంటర్‌ను అడిగి చూడొచ్చు. హాలులో జరిగే పెద్ద పొరపాటు తెర ఎత్తు. ముందువరుస తలలు సబ్‌టైటిల్‌నే కప్పేస్తాయి. తెర కింది అంచు నేల నుంచి కనీసం నాలుగడుగులు పైకి ఉండాలి. మంచు, ఇసుక, తెల్ల గోడ ఉన్న సీను ఒకటి ముందే పెట్టి, చివరి వరుసలో కూర్చుని చదివి చూడాలి. తెల్ల అక్షరాలు కలిసిపోతే పసుపు రంగు, నల్ల అంచు పెట్టాలి.

సినిమా అయ్యాక మాట్లాడుకోవడం 'బాగుంది', 'బోర్' దగ్గర ఆగకుండా ఉండాలంటే ఒక్క సీను పట్టుకోవాలి. అస్గర్ ఫర్హాదీ 'ఎ సెపరేషన్' (2011) మొదటి సీనులో భార్యాభర్తలు విడాకుల కోసం జడ్జి ముందు కూర్చుని వాదించుకుంటారు. జడ్జి గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. ఇద్దరూ నేరుగా కెమెరాను, అంటే మనల్ని చూసి చెబుతారు. కురోసావా 'రషోమాన్' (1950)లో కూడా సాక్షులు కెమెరా వైపు తిరిగే వాంగ్మూలం ఇస్తారు, అక్కడ న్యాయాధికారి కనిపించడు, ప్రశ్న కూడా వినిపించదు. రెండు దేశాలు, మధ్యలో అరవై ఏళ్లు, ఇద్దరు దర్శకులూ ప్రేక్షకుణ్ని ఒకే కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటిది చూసినవాళ్లను 'మీరు ఎవరి మాట నమ్మారు? ఎక్కడ మనసు మార్చుకున్నారు?' అని అడిగి రెండోది చూడమంటే, చర్చ దానంతట అదే నడుస్తుంది. ముగింపు మాత్రం చూడనివాళ్ల ముందు ఎత్తొద్దు.

మా విన్నపం చిన్నది. మీ జాబితాలో ఒక్కో విదేశీ సినిమాకు ఒక్క వాక్యం పెంచండి. ఇట్లా ఉంటే చాలు: 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్, అసలు పేరు బచ్చెహా-యె ఆసెమాన్, 1997, పర్షియన్, దర్శకుడు మాజిద్ మాజిది, 89 నిమిషాలు, ఇంటిల్లిపాదీ చూడొచ్చు.' చివర ఏ యాప్‌లో ఉందో, తెలుగు సబ్‌టైటిల్ ఉందో లేదో కలపండి. యాప్‌లలో సినిమాలు నెలనెలా మారిపోతుంటాయి కాబట్టి ఆ ముక్కను అచ్చుకు పోయే ముందు రోజు ఒకసారి సరిచూడాలి. మీరు సరేనంటే ఆ పని మేం చేసి, ప్రతి శుక్రవారం మధ్యాహ్నానికల్లా మీకు పంపుతాం.

— హనుమకొండ, కాజీపేట సినిమా ప్రేక్షకులు కొందరు