వూస్టర్‌లో వూసాక్స్ తొలి ఏడాది: క్రీడలు, పట్టణ వ్యవహారాల కమిటీ వార్షిక నివేదిక, 2021

సభ్యులకు నమస్కారం.

పండగలు, తెలుగు బడి, జమాఖర్చుల నివేదికలు మీకు విడిగా అందుతాయి. మా కమిటీ ఈ ఏడాది చేసిన పనిలో సింహభాగం ఒక్క విషయం చుట్టూనే తిరిగింది కాబట్టి ఈ నివేదిక కూడా దాని గురించే.

మే 11న మసాచుసెట్స్‌లోని మన వూస్టర్‌లో కట్టిన కొత్త బేస్‌బాల్ మైదానం పోలార్ పార్కులో తొలి ఆట జరిగింది. అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి అయిన మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఉండే ట్రిపుల్-ఏ స్థాయిలో వూస్టర్ రెడ్ సాక్స్, అందరూ పిలిచే పేరు వూసాక్స్, సిరాక్యూస్ మెట్స్‌తో ఆడింది. మైదానంలో పట్టే జనం 9,508. చివరి మూడంకెలు మన ఫోన్ ఏరియా కోడే. కొవిడ్ నిబంధనల ప్రకారం ఆ వారం నాలుగో వంతు జనానికే, అంటే 2,377 మందికే అనుమతి ఉంది. మే 29న రాష్ట్రం ఆంక్షలు ఎత్తేసింది. ఆ తర్వాతే ఈ మైదానం నిండితే పక్కనున్న కెల్లీ స్క్వేర్ కూడలి ఎలా ఉంటుందో, రైల్వే స్టేషన్ దారి ఎలా ఉంటుందో ఊరికి అర్థమైంది.

ఊరికి జట్టు వచ్చిందని అందరం అంటున్నాం. నిజానికి ఊరికి వచ్చింది మైదానం. ఆటగాళ్లు బోస్టన్ రెడ్ సాక్స్ మనుషులు: జీతమిచ్చేది బోస్టన్, పైకి పిలిచేది, కిందికి పంపేది, వదిలేసేది కూడా బోస్టనే. టికెట్లు, తినుబండారాలు, ప్రకటనల వ్యాపారం జట్టు యాజమాన్యానిది. నేల, గోడలు, అప్పు మాత్రం వూస్టర్ నగరానివి. ఈ మూడింటినీ వేరువేరుగా చూస్తేనే మన ఆనందం ఎక్కడిదో, మన బాధ్యత ఎక్కడుందో తెలుస్తుందని కమిటీ అభిప్రాయం.

ఎక్కడి నుంచి వచ్చింది

ఈ జట్టు 2018 ఆగస్టు దాకా పటకెట్ వదలదనే చాలామంది అనుకున్నారు. పక్క రాష్ట్రం రోడ్ ఐలండ్‌లోని పటకెట్‌లో 1973 నుంచి బోస్టన్ ట్రిపుల్-ఏ జట్టు ఉండేది. అది ఆడిన మెకాయ్ స్టేడియం 1942లో కట్టినది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అతి పొడవైన ఆట, 33 ఇన్నింగ్స్‌ది, 1981లో జరిగింది అక్కడే. 2015లో యాజమాన్యం మారింది. కొత్తవారు ముందు ప్రావిడెన్స్‌లో స్టేడియం అడిగారు, ఆ తర్వాత పటకెట్‌లోనే కొత్తది అడిగారు. ప్రభుత్వ సొమ్ము ఎంత పెట్టాలన్న దగ్గర రోడ్ ఐలండ్ శాసనసభలో బేరం తెగలేదు. 2018 ఆగస్టు 17న వూస్టర్‌తో ఒప్పందం ప్రకటించారు. 2020 సీజన్ కొవిడ్ వల్ల పూర్తిగా రద్దయింది కాబట్టి పటకెట్ అభిమానులకు చివరి ఆట చూసే అవకాశం కూడా దక్కలేదు. వూస్టర్ దగ్గర మొదలయ్యే బ్లాక్‌స్టోన్ నది సముద్రపు పోటును కలిసేది పటకెట్‌లోనే. ఒకే నది పొడవునా ఒక చివర ఊరు పోగొట్టుకున్నదే మరో చివర మనకు దక్కింది. వూసాక్స్ టోపీ పెట్టుకునేటప్పుడు ఆ సంగతి మరవకూడదని మా కోరిక.

వూస్టర్‌కు ప్రొఫెషనల్ బేస్‌బాల్ కొత్త కాదు. 1880 నుంచి 1882 దాకా మేజర్ లీగ్ స్థాయి నేషనల్ లీగ్‌లోనే వూస్టర్ జట్టు ఆడింది. 1880 జూన్ 12న లీ రిచ్‌మండ్ అనే పిచ్చర్ (బంతి వేసేవాడు) క్లీవ్‌లండ్ బ్యాటర్లలో ఒక్కరినీ బేస్ (బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన గుర్తు) మీదికి రానివ్వకుండా 27 మందినీ ఔట్ చేశాడు. మేజర్ లీగ్ చరిత్రలో తొలి పర్ఫెక్ట్ గేమ్ అది. ఈ శతాబ్దంలో టోర్నడోస్ అనే స్వతంత్ర జట్టు 2005లో హోలీ క్రాస్ కాలేజీ మైదానంలో మొదలై, తొలి ఏడాదే టైటిల్ గెలిచి, 2012తో ఆగిపోయింది. స్వతంత్ర జట్టుకు బోస్టన్ లాంటి తల్లి క్లబ్బు ఉండదు. ఆటగాళ్ల జీతాలు, బస్సులు, బంతులు అన్నీ గేటు దగ్గర వచ్చిన డబ్బుతోనే గడవాలి. వూసాక్స్‌కు ఆ భారం లేదు, ఇక్కడ అసలు తేడా అదే.

తల్లి క్లబ్బు ఉన్నంత మాత్రాన భద్రత ఉందనుకోవద్దు. 2020 చివర్లో మేజర్ లీగ్ తన కింది మెట్లయిన మైనర్ లీగులను తన చేతిలోకి తీసుకుని అనుబంధ జట్లను 160 నుంచి 120కి కుదించింది. ఒక్కో క్లబ్బుకు నాలుగు మెట్లు మిగిలాయి. బోస్టన్‌కు ఇప్పుడు సేలం, గ్రీన్‌విల్, పోర్ట్‌లండ్, ఆ పైన వూస్టర్ ఉన్నాయి. మన రాష్ట్రంలోనే ఉన్న లోవెల్ స్పిన్నర్స్ ఆ కోతలో అనుబంధం పోగొట్టుకుంది. మిగిలిన 120 జట్లకు పదేళ్ల లైసెన్సు ఇచ్చారు. దాంతోపాటు దీపాలు, డ్రెస్సింగ్ గదులు, బ్యాటింగ్ కేజ్‌లు, మహిళా సిబ్బందికి వేరే గదులు ఎలా ఉండాలో ప్రమాణాలు కూడా పెట్టారు. పాత మైదానాలున్న ఊళ్లు వాటికోసం ఖర్చు చేయక తప్పదు. కొత్త మైదానం మనకు ఇచ్చిన తక్షణ లాభం ఇదే.

అప్పు సంగతి

వూస్టర్‌లో ఇల్లున్న సభ్యులు ఈ భాగం తప్పక చదవండి. మొదట 10 కోట్ల డాలర్ల దగ్గర అనుకున్న మైదానం ఖర్చు 15 కోట్లు దాటింది. నిర్మాణ సామగ్రి ధరలు పెరిగాయి, కొవిడ్ వల్ల 2020 వసంతంలో పని ఆగింది, ఆగిన పనిని గడువులో ముగించడానికి అదనపు షిఫ్టులు పెట్టారు. నగరం బాండ్ల మీద అప్పు తెచ్చింది. జట్టు 30 ఏళ్ల లీజు మీద అద్దె కడుతుంది, కానీ అద్దె ఒక్కదానితో వాయిదాలు తీరవు.

మిగతాది ఎలా తీరుస్తారంటే, మైదానం చుట్టూ గీత గీసి ఆ ప్రాంతాన్ని ప్రత్యేక జిల్లాగా ప్రకటించారు. ఆ గీత లోపల కొత్తగా లేచే అపార్ట్‌మెంట్లు, హోటల్, ఆఫీసుల ఆస్తిపన్ను నగర సాధారణ ఖజానాకు కాకుండా ముందు ఈ అప్పుకే వెళ్తుంది. పద్ధతి మంచిదే. చిక్కల్లా కాలంతోనే: బాండ్ల వాయిదా తేదీ కచ్చితం, భవనం లేచే తేదీ కాదు. భవనాలు రెండేళ్లు ఆలస్యమైతే ఆ రెండేళ్ల లోటు ఎక్కడి నుంచో పూడ్చాలి. కొవిడ్ తర్వాత హోటళ్లకూ ఆఫీసులకూ అప్పు పుట్టడం కష్టమైంది కాబట్టి ఈ ప్రమాదం ఊహ కాదు. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో నిర్మాణమే ఆలస్యమైంది. 2016లో వాళ్ల కొత్త జట్టు సీజన్ మొత్తం బయటి ఊళ్లలోనే ఆడి, 2017లో గానీ సొంత మైదానంలో అడుగు పెట్టలేదు. వూస్టర్ ఆ గండం దాటింది.

నగర కౌన్సిల్ బడ్జెట్ సమావేశాల్లో ఏటా మూడు అంకెలు అడగాలని కమిటీ ప్రతిపాదిస్తోంది: ఆ ఏడాది కట్టాల్సిన వాయిదా ఎంత, గీత లోపల కొత్త భవనాల నుంచి వచ్చిన పన్ను ఎంత, తేడా ఏ పద్దు నుంచి తీశారు. మైదానం వల్ల ఊరు బాగుపడిందా లేదా అన్న వాదన ఎప్పటికీ తేలదు. సినిమాకో రెస్టారెంటుకో వెళ్లే డబ్బే బేస్‌బాల్‌కు మళ్లుతుందనే మాటలోనూ నిజముంది. ఈ మూడు అంకెలకు మాత్రం సూటి జవాబు ఉంటుంది. పక్క ఊళ్లయిన ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో సభ్యులకు ఈ పన్నుతో సంబంధం లేకపోయినా మద్దతు సంతకం చేయాలని మనవి.

ఆట చూడటం: క్రికెట్ తెలిసినవారికి

ఈ ఏడాది సభ్యులకు పంచిన కరపత్రంలోని ముఖ్యాంశాలు ఇవి. తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో జట్టుకు మూడు ఔట్లు, మొత్తం 27. ఓవర్ల లెక్క లేదు, అందుకే ఆట ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేం. వికెట్ నుంచి వికెట్‌కు 66 అడుగులైతే ఇక్కడ పిచ్చర్ నిలబడే పలక నుంచి బ్యాటర్ పక్కనుండే పలకకు, అంటే హోం ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ 10 అంగుళాల ఎత్తు. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. బంతి నేలకు తగలకుండా వస్తుంది కాబట్టి పిచ్ గుణం కాదు, గాలిలో బంతి తిరిగే తీరు చూడాలి. కొట్టాల్సిన బంతిని కొట్టలేకపోతే అది ఒక స్ట్రైకు, మూడు స్ట్రైకులైతే ఔట్. వెనక్కి కొట్టిన బంతికి పరుగుల్లేవు, పైగా అదీ స్ట్రైకే, కానీ రెండో స్ట్రైకు దాకా మాత్రమే లెక్కలో చేరుతుంది. క్రికెట్ కళ్లకు మొదట మింగుడుపడనిది ఇదే. ట్రిపుల్-ఏలో ఈ ఏడాది బేసులను 15 అంగుళాల నుంచి 18కి పెంచి చూశారు. ఢీకొనడాలు తగ్గాలని, బేస్ దొంగిలించడం (బంతిని కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం) కాస్త సులువవ్వాలని ఆ మార్పు.

ఏ రోజు వెళ్లాలన్నది అసలు కిటుకు. ఈ ఏడాది నుంచి ఒకే ప్రత్యర్థి మంగళవారం వచ్చి ఆదివారం దాకా ఆరు ఆటలు ఆడుతుంది. సోమవారం సెలవు. మంగళవారం ఆట మొదలెట్టిన పిచ్చర్ మళ్లీ ఆదివారమో ఆ వచ్చే మంగళవారమో వస్తాడు. మీరు చూడాలనుకున్న కుర్రవాడు మంగళవారం వేస్తే బుధవారం టికెట్ కొని లాభం లేదు. బ్యాటర్ల విషయం వేరు. మన జట్టు బ్యాటర్ జారెన్ డురాన్ జులైలో బోస్టన్‌కు వెళ్లిపోయాడు. అతని కోసం ఆగస్టు టికెట్ కొన్నవారికి అతను కనపడలేదు. అలా వెళ్లిపోవడమే ఈ స్థాయి ఆట ఉద్దేశం. మరోవైపు, గాయపడిన పెద్ద ఆటగాళ్లు తిరిగి ఫామ్ కోసం కిందికి దిగుతారు. ఆపరేషన్ తర్వాత బోస్టన్ పిచ్చర్ క్రిస్ సేల్ ఈ వేసవిలో ఇక్కడే బంతి వేశాడు. పిచ్చర్లను అలా మామూలుగా 30 రోజులకు మించి, ఇతరులను 20 రోజులకు మించి ఉంచకూడదు. ఆ వార్త వచ్చిన రోజే టికెట్ తీసుకోండి.

పిల్లలతో వెళ్లేవారు వల వెనక సీట్లే కొనండి. బంతి 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి కంటే కాస్త తేలిక. కానీ బ్యాట్ అంచు తాకి పక్కకు దూసుకొచ్చినప్పుడు తల ఎత్తి చూసే వ్యవధి కూడా ఉండదు. వల ముగిసిన తర్వాతి వరుసల్లో ఫోన్ చూస్తూ కూర్చోవడం ప్రమాదం. ఔట్‌ఫీల్డ్ వెనక గడ్డి వాలు మీద పిల్లలు ఆడుకోవచ్చు. అక్కడికి వచ్చే బంతి గాలిలో ఎత్తుగా కనపడుతూ వస్తుంది.

శాకాహారులకు ఒక మాట: హాట్ డాగ్ సాధారణంగా మాంసమే, ఫ్రైలు చాలా స్టాళ్లలో చికెన్ వేయించిన నూనెలోనే వేగుతాయి. అడిగి తీసుకోండి. ప్రెట్జెల్, పాప్‌కార్న్, ఊరి కంపెనీ పోలార్ సోడాతో ఇబ్బంది లేదు. ఏప్రిల్, మే రాత్రుల్లో మైదానం చల్లగా ఉంటుంది, జూన్ దాకా జాకెట్లు తప్పనిసరి.

దారి

వీలైతే రైలు మేలు. ఫ్రేమింగ్‌హామ్-వూస్టర్ లైనులో వెస్ట్‌బరో, గ్రాఫ్టన్ నుంచి ఎక్కి యూనియన్ స్టేషన్‌లో దిగితే పది నిమిషాల నడక. తిరుగు రైలు సమయం ముందే రాసుకోండి. కారులో వెళ్తే కెల్లీ స్క్వేర్ తప్పదు. ఎన్నో వీధులు కలిసే ఆ కూడలిని వేరుశనక్కాయ ఆకారపు రౌండ్‌అబౌట్‌గా మార్చారు. లోపలికి వెళ్లే ముందే బోర్డు చూసి లేన్ ఎంచుకోవాలి, లోపల ఉన్నవారికి దారి ఇవ్వాలి, లోపల లేన్ మారకూడదు. ఎగ్జిట్ తప్పితే బ్రేకు వేయకుండా ఇంకో చుట్టు తిరగండి. ఆట వదిలాక జనం అన్ని జీబ్రా గీతల మీదా ఒకేసారి దాటుతారు. పావుగంట ఆగి బయలుదేరితే హాయి.

2022కు

గుంపు టికెట్లు మంగళవారం నుంచి గురువారం లోపు ఆటలకే తీసుకోవాలని నిర్ణయించాం. ఆ రోజుల్లో వల వెనక ఒకే చోట సీట్లు దొరకడం సులువు. డబ్బు ముందు వసూలు చేసి, పేర్లు ఖాయమయ్యాకే అడ్వాన్సు కడతాం. టికెట్లన్నీ ఒక్కరి ఫోన్‌లో ఉంటే గేటు దగ్గర వరుస మొత్తం ఆగిపోతుంది కాబట్టి ప్రతి కుటుంబానికీ విడిగా పంపుతాం. వానకు ఆట వాయిదా పడితే మామూలుగా డబ్బు తిరిగిరాదు, మరో ఆటకు మార్చుకోవాలి. ఆ ఆటను మరునాటి ఆటతో కలిపి రెండూ ఏడేసి ఇన్నింగ్స్ ఆడితే, అది ఏ టికెట్ మీద చూడవచ్చో ముందే కనుక్కుంటాం.

చివరగా, అద్దెకిచ్చే ఇళ్లున్న సభ్యులకు. ట్రిపుల్-ఏ ఆటగాడి కనీస జీతం 2021లో వారానికి 700 డాలర్లు, అదీ సీజన్ ఉన్నన్నాళ్లే. బోస్టన్ నుంచి పిలుపు వస్తే ఆ రాత్రే ఖాళీ చేసి వెళ్లాలి, లీజు మాత్రం అతని మెడకే చుట్టుకునేది. 2022 నుంచి మైనర్ లీగ్ ఆటగాళ్లలో ఎక్కువమందికి క్లబ్బులే ఇల్లు చూపాలని మేజర్ లీగ్ నవంబరులో ప్రకటించింది. అప్పుడు పెట్టిన నిబంధనలు ఇవి: ఇంట్లో సామాను ఉండాలి, గదికి ఇద్దరికి మించకూడదు, మనిషికో మంచం, కరెంటు, నీళ్ల బిల్లులు క్లబ్బువి, మైదానానికి రాకపోకలు సులువుగా ఉండాలి. ఇల్లు ఇవ్వదలచినవారు ఆటగాడితో కాకుండా క్లబ్బుతోనే రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గడువు, మధ్యలో ఒకరి బదులు మరొకరు వచ్చినా అదే లీజు చెల్లే షరతు, తాళాల మార్పిడి ఎవరి బాధ్యతో అందులో ఉండాలి. నమూనా ఒప్పందం కావలసినవారు కమిటీని అడగవచ్చు.

— క్రీడలు, పట్టణ వ్యవహారాల కమిటీ